సీలెంట్ ట్యూబ్ కింద పెట్టండి!

మోటార్‌హోమ్‌లో గాల్వెస్టన్ బీచ్‌కి వెళ్లారు. ఏసీ వేశారు. కాసేపటికి సీలింగ్ నుంచి నీటి చుక్క సరిగ్గా దిండు మీద పడింది. వెంటనే చెయ్యి సీలెంట్ ట్యూబ్ కోసం వెతుకుతుంది కదూ? ఆగండి. ఈ తొందరే మనం మార్చుకోవాల్సిన అలవాటు. ఇవాళే మార్చుకుందాం.

మీ కొత్త అలవాటు ఒక్క ప్రశ్న: ఎప్పుడు కారుతోంది?

వానలోనా? అనుమానం గ్యాస్కెట్ మీద పెట్టుకోండి. రూఫ్ మీద సుమారు 14 అంగుళాల చదరపు కంత ఉంటుంది. దాని చుట్టూ ఫోమ్ గ్యాస్కెట్, దాని మీద ఏసీ. లోపలి నుంచి నాలుగు బోల్టులు దాన్ని బిగించి పట్టుకుంటాయి. రోడ్డు కుదుపులకు అవి వదులవుతాయి.

పవర్ పూర్తిగా తీసేయండి. జనరేటర్ కూడా. లోపలి కవర్ విప్పి బోల్టులను ఎదురుమూలలుగా, కొద్దికొద్దిగా బిగించండి. గ్యాస్కెట్ అరంగుళం మందానికి అణిగితే చాలు. "ఇంకో రౌండు తిప్పుదాం" అనే హుషారు ఇక్కడ పనికిరాదు! మరీ అణిగిన ఫోమ్ నీళ్లను ఆపలేదు.

ఏసీ నడిచేటప్పుడేనా? అది గాలిలోని తేమ. సముద్రం పక్కన మరీ ఎక్కువ. ఏసీ లోపలి చల్లటి కాయిల్‌కి తగిలి నీరై, దాని కింది పాన్‌లో పడుతుంది, పాన్ రంధ్రాల్లోంచి రూఫ్ మీదికి పోతుంది. ఆకులు, మట్టి అడ్డుపడితే పొంగి మీ నెత్తిన పడుతుంది. ఆ రంధ్రాలు శుభ్రం చేయండి. బండి ఒక పక్కకి ఒరిగి ఉందేమో కూడా చూడండి. లెవెల్ చేయగానే కారడం ఆగిన బండ్లు బోలెడు.

ఏసీ ఆపాకా? ఫిల్టర్ తీసి చూడండి. దుమ్ము పేరుకుంటే గాలి ఆడదు, కాయిల్ మీద మంచు కడుతుంది. ఆపగానే కరుగుతుంది. ఫిల్టర్ కడగడం ఐదు నిమిషాల పని. బద్ధకించకండి.

ఇప్పుడు సీలెంట్ సంగతి. ఏసీ అంచు చుట్టూ పూశారంటే నీళ్లు బయటికి పోయే దారి మూసేసినట్టే. అవి కిందే నిలిచి, లోపలికి దారి వెతుక్కుంటాయి.

అన్నట్టు, అద్దె బండి అయితే స్పానర్ ముట్టుకోకండి. ఫోటో తీసి ఓనర్‌కి పంపండి.

సొంత బండి అయితే మరో పరీక్ష. మరక పడిన చోట సీలింగ్‌ని వేలితో నొక్కండి. మెత్తగా దిగిందా? చెక్క నానిపోయింది. అది బోల్టులతో తీరేది కాదు. అదే రోజు మోటార్‌హోమ్ టెక్నీషియన్‌కి ఫోన్ చేయండి.