దవడలో చిన్న స్క్రూ: చిగురునూ ఎముకనూ ఎందుకు పరీక్షిస్తారు?

ఎత్తుపళ్లకు క్లిప్పులు వేయించుకుంటున్న కొందరికి "దవడ ఎముకలో ఒక చిన్న స్క్రూ పెట్టాలి" అని డాక్టరు చెబుతారు. ఆ మాట వినగానే ఇంట్లోవాళ్లు కంగారుపడడం సహజమే. విషయం తెలిస్తే సగం భయం పోతుంది.

స్క్రూ ఎందుకు?

ముందుపళ్లను వెనక్కు లాగాలంటే ఒక ఆధారం కావాలి. దవడపళ్లకే కట్టి లాగితే అవి కూడా ముందుకు జరుగుతాయి. ఒక పడవలో నిలబడి మరో పడవను తాడుతో లాగితే రెండూ కదులుతాయి కదా! అదే ఒడ్డున పాతిన గుంజకు కట్టి లాగితే పడవ ఒక్కటే వస్తుంది. ఈ స్క్రూ ఆ గుంజ వంటిది. దీని లావు సుమారు 1.2 నుంచి 2 మిల్లీమీటర్లు, పొడవు 6 నుంచి 12 మిల్లీమీటర్లు. మత్తు ఇంజక్షన్ ఇచ్చి పెడతారు. పని పూర్తికాగానే తీసేస్తారు. ఆ గాయం కొద్ది రోజుల్లో మానిపోతుంది.

చిగురు రెండు రకాలు

అద్దం ముందు పెదవి పైకెత్తి చూడండి. పంటిని ఆనుకుని ఉన్న చిగురు లేత గులాబీ రంగులో, ఎముకకు గట్టిగా అతుక్కుని ఉంటుంది. దానికి అవతల ఎర్రగా, పలుచగా ఉన్న భాగం పెదవితోపాటు కదులుతుంది. స్క్రూకు గట్టి చిగురే మంచిది. కదిలే చోట పెడితే ఒరుసుకుని వాస్తుంది. ఒక్కోసారి చర్మం పెరిగి స్క్రూను కప్పేస్తుంది. అయితే పంటి వేళ్ల మధ్య ఖాళీ సాధారణంగా లోతుకు పోయేకొద్దీ ఎక్కువ. అక్కడేమో చిగురు వదులు. ఈ రెండింటికీ కుదిరే చోటును వెతకడమే డాక్టరు పని.

ఎముక మందం

స్క్రూను పట్టి ఉంచేది ఎముక పైపొర. అది కనీసం 1 మిల్లీమీటరు మందం ఉంటే మంచిది. పలుచగా ఉంటే పట్టు చాలదు. కింది దవడ వెనక భాగంలో ఎముక మందంగా, గట్టిగా ఉంటుంది. మరీ గట్టిగా ఉన్నచోట స్క్రూ తిప్పేటప్పుడు వేడి పుట్టి ఎముక దెబ్బతినవచ్చు. అందుకే ముందుగా సన్నని రంధ్రం చేసి, నీటితో చల్లబరుస్తారు. చిన్న పిల్లల్లో ఎముక ఇంకా ముదరదు కనుక స్క్రూ వదులయ్యే అవకాశం ఎక్కువ. వేళ్లకు తగలకుండా ఎక్స్‌రే తీస్తారు. అవసరమైతే స్కాన్ కూడా తీస్తారు.

వదులైతే?

నూటికి సుమారు 10 నుంచి 15 స్క్రూలు వదులవుతాయి. అంతమాత్రాన వైద్యం చెడిపోయినట్టు కాదు, పిల్లల్ని తిట్టనవసరం లేదు. దాన్ని తీసి వేరే చోట పెట్టవచ్చు.

ఇంట్లో మీరు చేయవలసినవి

1. మెత్తని బ్రష్‌తో స్క్రూ చుట్టూ రోజూ శుభ్రం చేయించండి.

2. నాలుకతో, వేలితో కదిలించనివ్వకండి.

3. షుగరు వ్యాధి, పొగతాగే అలవాటు, ఎముకలకు వాడే మందులు ఉంటే ముందే చెప్పండి.

4. స్క్రూ కదిలినా, వాపు, చీము, నొప్పి కనిపించినా వెంటనే ఆసుపత్రికి రండి. మీరు బిగించే ప్రయత్నం చేయకండి.

దేవుడిచ్చిన శరీరాన్ని శుభ్రంగా కాపాడుకోవడం మన బాధ్యత. స్క్రూ నిలబడడంలో డాక్టరు చేతి పని ఎంతో, ఇంట్లో మీరు చేయించే శుభ్రత కూడా అంతే.