కనిపించని అభ్యసన అవరోధాలు – పాఠశాల గ్రంథపాలకుల పాత్ర

కాలికి కట్టు కట్టుకొని వచ్చిన బాలుని ఏ ఉపాధ్యాయుడూ పరుగుపందెంలో నిలబెట్టడు. కళ్ళద్దాలు పగిలిన బాలికను నల్లబల్లపై అక్షరాలు చదవమని ఎవరూ నిర్బంధించరు. కాని అక్షరాన్ని ధ్వనిగా మార్చుకొనడంలోనే మెదడుకు ఇబ్బంది ఉన్న బిడ్డకు ఏ కట్టూ కనిపించదు. అందువల్ల ఆ బిడ్డకు మనం వేరే పేర్లు పెడతాము: బద్ధకం, అశ్రద్ధ, ఆటల పిచ్చి.

ఐదవ తరగతి చదువుతున్న ఒక బాలుని ఊహించుకొనండి. విమానం గాలిలో ఎలా నిలుస్తుందో చక్కగా వివరించగలడు. రాజమండ్రిలోని అమ్మమ్మకు ఫోనులో గంటసేపు కబుర్లు చెప్పగలడు. అయితే పాఠ్యపుస్తకంలో ఒక్క పుట చదవడానికి అరగంట పడుతుంది. ఒకే పదాన్ని ఒకే పుటలో మూడు విధాలుగా వ్రాస్తాడు. బిగ్గరగా చదవవలసిన రోజున కడుపునొప్పి వస్తుంది. అటువంటి బాలుడు దోహాలోని మన ఇళ్ళలో కూడా ఉండవచ్చును. అతనికి పాఠశాల గ్రంథాలయం చేయగల మేలు ఏమిటో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లోపం ఎక్కడ ఉన్నది?

అభ్యసన అవరోధాలు పలు రకాలు. చదవడంలో ఇబ్బందిని డిస్లెక్సియా అనీ, వ్రాయడంలో ఇబ్బందిని డిస్‌గ్రాఫియా అనీ, లెక్కలలో ఇబ్బందిని డిస్‌కాల్కులియా అనీ అంటారు. ఏకాగ్రత నిలవకపోవడం, విన్న భాషను గ్రహించడంలో జాప్యం కలగడం కూడా బయటకు కనిపించని అవరోధాలే. వీటిలో రెండు మూడు ఒకే బిడ్డలో కలిసి ఉండడం కద్దు. అన్నింటిలోకీ ఎక్కువగా పరిశోధన జరిగినది డిస్లెక్సియాపై. వందమంది పిల్లలలో ఐదుగురి నుండి పదిమంది వరకు దీని ప్రభావం ఉండవచ్చునని విస్తృతంగా అంగీకరించిన అంచనా. అనగా నలభైమంది ఉన్న తరగతిలో ఇద్దరి నుండి నలుగురు.

డిస్లెక్సియా అనే పదాన్ని 1887లో రుడాల్ఫ్ బెర్లిన్ అనే జర్మన్ నేత్రవైద్యుడు ప్రయోగించాడు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఆంగ్ల వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పద్నాలుగేళ్ళ బాలుని వృత్తాంతం ప్రచురించాడు. ఆ బాలుడు తెలివైనవాడు, ఆటలలో చురుకైనవాడు, అంకెలను సులభంగా గుర్తించేవాడు. అయినా ఏళ్ళ తరబడి చెప్పించినా మాటలు చదవలేకపోయాడు. బోధన అంతా నోటిమాటగా సాగితే బడిలో అందరికంటే చురుకైన విద్యార్థి అతడే అవుతాడని ఉపాధ్యాయుని అభిప్రాయం. నూట ముప్పై ఏళ్ళ క్రిందటి ఈ వర్ణన నేటి బిడ్డలకూ సరిపోతుంది.

అక్షరాలు తలక్రిందులుగా కనిపించడమే డిస్లెక్సియా అని చాలామంది భావిస్తారు. అది సరి కాదు. ప్రధానమైన ఇబ్బంది చూపులో లేదు, ధ్వనిలో ఉన్నది. మాటను ధ్వనులుగా విడదీసి, ఆ ధ్వనులను అక్షరాలతో వేగంగా ముడివేయడంలో ఈ పిల్లలు వెనుకబడతారు. మాట్లాడడానికి మానవుని మెదడు ప్రకృతిసిద్ధంగా సిద్ధమై ఉన్నది. వ్రాత మాత్రం సుమారు ఐదు వేల ఏళ్ళ నాటి ఏర్పాటు. దానిని ప్రతి బిడ్డా కొత్తగా నేర్చుకొనవలసినదే. ఈ లక్షణం మేధస్సుకు సంబంధించినది కాదు. వంశానుగతంగా వచ్చే అవకాశం ఉన్నందున, కుమారుని పరీక్షింపజేసిన తండ్రి తన బాల్యాన్ని తలచుకొని తలవంచుకొనే సందర్భాలు ఉంటాయి.

నాలుగు లిపుల నడుమ

ఖతార్‌లోని మన పిల్లల పరిస్థితి కొంత ప్రత్యేకమైనది. బడిలో ఆంగ్లం, హిందీ, అరబ్బీ, ఇంట్లో తెలుగు. ఆంగ్లంలో అక్షరానికీ ధ్వనికీ పొత్తు తక్కువ. దో, త్రూ, టఫ్ అనే మూడు మాటలూ ఓ, యు, జి, హెచ్ అనే నాలుగక్షరాలతోనే ముగుస్తాయి. ఉచ్చారణలు మాత్రం మూడు. అరబ్బీ కుడి నుండి ఎడమకు సాగుతుంది. పెద్దల గ్రంథాలలో హ్రస్వాచ్చుల గుర్తులు సాధారణంగా ఉండవు. తెలుగులో వ్రాసినట్లే పలుకుతాము గాని, గుణింతాలూ ఒత్తులూ కలిపితే గుర్తుపట్టవలసిన రూపాలు వందల సంఖ్యలో ఉంటాయి. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలో మూడు హల్లులు, ఒక అచ్చు ఇమిడి ఉన్నాయి. ప, వ, ష, స వంటి రూపాలు దగ్గర పోలికలు గలవి.

ఇందువల్ల ఒకే అవరోధం ఒక్కొక్క భాషలో ఒక్కొక్క రూపంలో బయటపడుతుంది. తెలుగును తప్పులు లేకుండా, కాని అతి నెమ్మదిగా చదివే బిడ్డ ఆంగ్లంలో అడుగడుగునా తడబడవచ్చును. అప్పుడు పెద్దలు “వాడికి ఇంగ్లీషు మీద శ్రద్ధ లేదు” అని తీర్మానిస్తారు. పలు భాషలు నేర్వడం వలన డిస్లెక్సియా కలుగదు. కనుక ఇంటి భాషను మాన్పించడం దీనికి పరిష్కారం కాజాలదు.

గ్రంథపాలకులే ఎందుకు?

గ్రంథపాలకులు మార్కులు వేయరు. వారి ఎదుట బిడ్డ పరీక్షార్థి కాడు, పాఠకుడు. తరగతి ఉపాధ్యాయులు ఏటేటా మారతారు. గ్రంథపాలకులు ఒకే బిడ్డను కొన్ని సంవత్సరాల పాటు చూడగలరు. ఎవరు ఏ పుస్తకం తీసికొన్నారో, ఏది తెరవకుండానే తిరిగి ఇచ్చారో వారికి తెలుస్తుంది. తోటివారికి చూపడానికి లావుపాటి పుస్తకం తీసికొని మూల కూర్చొని బొమ్మలు మాత్రమే చూచే పిల్లవాని రహస్యం ముందుగా వారి కంటబడవచ్చును.

అయితే వ్యాధి నిర్ణయం వారి పని కాదు. తాము గమనించిన విషయాలను తేదీలతో వ్రాసుకొని, తరగతి ఉపాధ్యాయునికీ పాఠశాల సలహాదారుకూ రహస్యంగా తెలియజేయడమే వారి బాధ్యత. ముందుగా కంటి పరీక్ష, చెవి పరీక్ష జరగాలి. ఆ తరువాతనే మనస్తత్వ నిపుణుని పరీక్ష.

ఏమి చేయవచ్చును?

మొదటిది, దారి చూపడం. డ్యూయీ దశాంశ సంఖ్యలు ఈ పిల్లలకు మరొక పద్మవ్యూహం. ప్రతి విభాగానికీ ఒక రంగు, ఒక బొమ్మ చేరిస్తే పుస్తకం తానే వెదకుకొనగలుగుతారు.

రెండవది, వయసుకు తగిన విషయం, సామర్థ్యానికి తగిన భాష. పన్నెండేళ్ళ బాలునికి కుందేలు, తాబేలు కథ ఇస్తే అవమానిస్తున్నామనుకొంటాడు. అంతరిక్షం, క్రికెట్, సాహసయాత్రలను చిన్న వాక్యాలలో, పెద్ద అక్షరాలలో, విశాలమైన ఎడంతో అచ్చు వేసిన పుస్తకాలు కావాలి. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో పఠనస్థాయిని బట్టి వర్గీకరించిన కథలు తెలుగుతో సహా పలు భాషలలో ఉచితంగా లభిస్తున్నాయి.

మూడవది, చెవితో చదవడం. శ్రవ్యపుస్తకం వింటూ అచ్చుపుస్తకంలో వ్రేలితో అనుసరించడం దొంగదారి కాదు. కథ అందితే పదసంపద పెరుగుతుంది; పదసంపద పెరిగితే చదువు మీద ఆశ చావదు. అంధులకూ, చదవడంలో అవరోధం గలవారికీ అనువైన ప్రతులు తయారుచేసికొనడానికి వీలు కల్పించే మర్రకేష్ ఒప్పందం 2013లో కుదిరింది. దానిని 2014లో అందరికంటే ముందు ఆమోదించినది భారతదేశం. ఖతార్ 2018లో అందులో చేరింది.

నాలుగవది, గౌరవం కాపాడడం. అందరి ఎదుట బిగ్గరగా చదివించరాదు. గడువు పెంచాలి, ఆలస్యానికి జరిమానా మాఫీ చేయాలి. సూచనలు ఒక్కొక్కటిగా ఇవ్వాలి. ఏకాగ్రత నిలవనివారికి రాకపోకలు తగలని మూల చోటు ఇవ్వాలి. చిన్న తరగతి పిల్లలకు బొమ్మల పుస్తకం చదివి వినిపించే పని అప్పగిస్తే, సులభమైన పుస్తకం పట్టుకొనడానికి గౌరవప్రదమైన కారణం దొరుకుతుంది.

ఒక హెచ్చరిక. రంగు కాగితాలు, రంగు కళ్ళద్దాలు, ప్రత్యేక అక్షరరూపాలు డిస్లెక్సియాను నయం చేస్తాయనే ప్రకటనలకు తగిన శాస్త్రీయ ఆధారం లేదు. ధ్వనులను, అక్షరాలను క్రమబద్ధంగా జోడించి నేర్పే బోధనకే బలమైన ఆధారాలు ఉన్నాయి. గ్రంథాలయం ఆ బోధనకు తోడు మాత్రమే.

తల్లిదండ్రులకు ఒక మాట

నలుగురికీ తెలిస్తే ఏమనుకొంటారో అనే భయం ప్రవాసంలో మరింత ఎక్కువ. అందరూ అందరికీ తెలిసిన చిన్న సమాజం మనది. కాని దాచిన కొద్దీ కాలం చేజారుతుంది. భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను గుర్తించింది. ధ్రువపత్రం ఉన్న విద్యార్థికి సి.బి.ఎస్.ఇ. మూడు గంటల పరీక్షకు ఒక గంట అదనంగా ఇస్తుంది. పదవ తరగతి దగ్గర పడిన తరువాత పరుగులు పెట్టడం కంటె, ముందుగానే పాఠశాలతో మాట్లాడి నిబంధనలు తెలుసుకొనడం మేలు.

ఇక్కడి వసతులనూ వినియోగించుకొందాము. ఎడ్యుకేషన్ సిటీలోని ఖతార్ జాతీయ గ్రంథాలయంలో పిల్లలకు విశాలమైన విభాగం ఉన్నది. మెట్రో రైలు దాని పేరుగల స్టేషనులోనే ఆగుతుంది. శుక్రవారపు విపణి విహారాలలో ఒకటి తగ్గించి, ఆ గంట అక్కడ గడపవచ్చును. రాత్రి పడుకొనే ముందు పావుగంట సేపు బిడ్డ ప్రక్కన కూర్చొని, ఒక వాక్యం మీరు, ఒక వాక్యం వాడు చదవండి. తప్పు చదివితే సరియైన మాట అందించి ముందుకు సాగండి.

ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమం నడిపిన పెద్దలు పాఠకుడు రాలేదని పాఠకుని నిందించలేదు. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవలో వేసి కాలువ వెంట పల్లెలకు పంపించారు. దారి లేనిచోట నీటినే దారిగా చేసుకొన్నారు. అక్షరం దగ్గర ఆగిపోయిన మన బిడ్డకు కావలసినది కూడా అటువంటి పడవయే. అది బొమ్మ కావచ్చును, శ్రవ్యపుస్తకం కావచ్చును, “తొందర లేదు, నెమ్మదిగా చదువుకో” అనే లైబ్రేరియన్ మాట కావచ్చును. ఈ వారం మీ బిడ్డ గ్రంథాలయం నుండి ఏ పుస్తకం తెచ్చాడో ఒకసారి అడిగి చూడండి. ఏమీ తేకపోతే కోపగించుకొనక, ఎందుకు తేలేదో తెలుసుకొనండి.