కనబడని దెబ్బ



కర్నూలు జిల్లాలో కోసిగి, ఆదోని వైపు ఊళ్ల నుంచి చాలామంది సుగ్గికి పోతారు. గుంటూరు వైపు పత్తి తీస్తారు. మిరపకాయలు కోస్తారు. నెలల తరబడి ఇంటికి రారు. అందుకే కొందరు ఆడపిల్లల్ని హాస్టల్లో, కస్తూరిబా బడిలో ఉంచి పోతారు. కస్తూరిబా బడుల పథకం 2004లో మొదలైంది. అక్కడ ఆరో తరగతి నుంచి ఆడపిల్లలు బడిలోనే ఉండి చదువుకుంటారు.

తల్లి సుగ్గి నుంచి వస్తుంది. "అమ్మా, నేనింక బడికి పోను" అంటుంది పిల్ల. ఎందుకని అడిగితే చెప్పదు. చదువు అబ్బలేదని తల్లి అనుకుంటుంది. కూలికి తీసుకుపోతుంది. లేదా పెళ్లి సంబంధం చూస్తుంది.

కానీ కారణం వేరే ఉండొచ్చు. తోటి పిల్లలే ఏడిపిస్తుండొచ్చు.

ఎలా ఏడిపిస్తారు?

మగపిల్లలు కొట్టుకుంటే దెబ్బ కనబడుతుంది. ఆడపిల్లల మధ్య చాలాసార్లు దెబ్బ కనబడదు.

- నల్లగా ఉందని, పళ్లు గారపట్టాయని పేర్లు పెడతారు.
- కులం పేరెత్తి ఎగతాళి చేస్తారు.
- అన్నం దగ్గర పక్కన కూర్చోనివ్వరు.
- "దానితో మాట్లాడొద్దు" అని అందరికీ చెబుతారు.
- లేనిపోని మాటలు పుట్టిస్తారు.

ఇద్దరు ఒకరోజు పోట్లాడితే అది జగడం. రేపటికి మరిచిపోతారు. రోజూ ఒక్కదాన్నే పట్టుకొని ఏడిపిస్తే అది వేధింపు.

ఆ వయసులో పిల్లలకు జట్టే లోకం. జట్టులో చోటు పోతుందని మిగతావాళ్లు కూడా నవ్వుతారు. ఇంట్లో మనం ఇతరులను అనే మాటలే వాళ్లు బడిలో అంటారు.

ఎలా తెలుసుకోవాలి?

పిల్ల సరిగా తినదు. ఊరికే ఏడుస్తుంది. బడికి పోయే రోజే కడుపునొప్పి అంటుంది. ఇలా ఉంటే దగ్గర కూర్చోబెట్టుకొని మెల్లగా అడగండి.

ఏం చేయాలి?

1. "నువ్వేం చేసినావో!" అని తిట్టొద్దు. "తప్పు నీది కాదు" అని చెప్పండి.
2. టీచరమ్మను కలవండి. జరిగింది కాగితం మీద రాసివ్వండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు. కింద మీ సంతకం చేయండి.
3. మీ పిల్లే ఏడిపిస్తుంటే దాచొద్దు. అది తప్పని నేర్పండి.
4. 1098కి ఫోన్ చేయండి. ఇది పిల్లల సాయం కోసం ఉన్న నంబరు. డబ్బు పడదు. రాత్రయినా పలుకుతారు.

చదువుకునే చోట ర్యాగింగు చేయకూడదని ఆంధ్రప్రదేశ్‌లో 1997లో చట్టం వచ్చింది. హాస్టళ్లకూ అది వర్తిస్తుంది. ఎగతాళి చేసి అవమానించడం కూడా ఆ చట్టం కింద నేరమే. పిల్లల్ని జైలుకు పంపాలని కాదు ఈ మాట చెప్పేది. ఇది ఆట కాదని అందరూ తెలుసుకోవాలి.

బడి మాన్పిస్తే ఏడిపించినవాళ్లు చదువుకుంటారు. ఏడ్చిన పిల్ల కూలికి పోతుంది. ఇది న్యాయమా?

మాట్లాడుకోండి

1. జగడానికి, వేధింపుకు తేడా ఏమిటి?
2. మీ ఊళ్లో బడి మానిన ఆడపిల్లలు ఎందరు? ఎందుకు మానారు?

రాయండి

1098. ఈ నంబరును మీ ఇంటి గోడ మీద మీ చేత్తో రాయండి.