తయారీ ముందుగా, తీర్మానం తరువాత

తిరుపతి

చిరంజీవి మా అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. ఎనిమిదో తరగతి పిల్లలకు పైచదువుల గురించీ ఉద్యోగాల గురించీ ఇప్పటినుంచే చెప్పాలని నువ్వు అనుకుంటున్నావు. ముక్కుపచ్చలారని పిల్లలకు అప్పుడే అదెందుకని మీ స్టాఫ్‌రూములో కొందరు అంటున్నారు. నువ్వు అనుకున్నదే సరి. కానీ వాళ్ల మాటను కొట్టిపారేయకు. మన రాష్ట్రంలో పిల్లల్ని ముందుగా తయారుచేయడమంటే ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ పుస్తకాలు చేతికివ్వడమని స్థిరపడిపోయింది. అక్కడ తయారీకన్నా ముందే తీర్మానం జరిగిపోతుంది. పదకొండేళ్ల పిల్లవాడు ఇంజనీరో డాక్టరో పెద్దవాళ్లు తేల్చేసి, ఆనక చదివిస్తారు. మీ తోటి టీచర్లు భయపడేది దానికే అయితే ఆ భయం న్యాయమైనదే. అందుకే ఈ రెంటినీ విడదీసి చూడమంటున్నాను. తయారీ ఎనిమిదిలోనే మొదలుకావాలి, తీర్మానం వీలైనంత ఆలస్యంగా జరగాలి. నీ బడిలో ఏం చేయాలన్నా ఈ ఒక్కమాట మీద నిలబడి చెయ్యి.

ముందుగా ఎందుకు మొదలుపెట్టాలో చెబుతాను. కొన్ని అవకాశాలకు వయసూ తరగతీ కొలతలు. అవి దాటిపోతే ఎంత తెలివైన పిల్లకైనా మళ్లీ రావు. నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్షనే చూడు. ప్రభుత్వ, జిల్లా పరిషత్, ఎయిడెడ్ బడుల పిల్లలు ఎనిమిదో తరగతిలోనే దాన్ని రాయాలి. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. తొమ్మిదో తరగతిలో ఈ సంగతి తెలిస్తే ఏం లాభం? ఇస్రో 2019లో మొదలుపెట్టిన యువిక శిబిరం తొమ్మిదో తరగతి వాళ్లకు. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులకు పెద్ద వాటా ఉంటుంది, పల్లె బడి పిల్లలకు వెయిటేజీ కూడా ఉంది. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో ఆరేళ్ల చదువుకు పదో తరగతి మార్కులతోనే సీటిస్తారు. ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు 4 శాతం అదనపు స్కోరు కలుపుతారు. ఈ లెక్కన ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో గట్టిగా చదవడమే ట్రిపుల్ ఐటీకి కోచింగ్.

చదువుకున్న ఇంట్లో ఈ వివరాలు అన్నం తింటూ మాట్లాడుకునే మాటల్లోనే దొర్లిపోతాయి. బాబాయి బెంగళూరులో ఉంటాడు, అత్త హైదరాబాదులో ఉంటుంది, ఏ పరీక్ష ఎప్పుడో వాళ్లలో ఎవరో ఒకరు ఫోన్ చేసి చెబుతారు. పలమనేరు పక్కపల్లెలో పాడి మీద బతికే ఇంటికి ఆ ఫోన్ రాదు. ఆ ఇంటి పిల్లకు బాబాయీ అత్తా అన్నీ నువ్వే కావాలి. సమాచారమంటే పరీక్ష తేదీ ఒక్కటే కాదమ్మా. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, బడి రికార్డులో ఇంకోలా ఉంటే వచ్చిన స్కాలర్‌షిప్ కూడా చేతికందదు. పుట్టినతేదీ తేడాలు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, బ్యాంకు ఖాతా అన్నీ ఎనిమిదిలోనే సరిచూడు. పది పరీక్షలయ్యాక సచివాలయం చుట్టూ తిరగడం కన్నా ఇది ఎంతో మేలు. చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, పేద పిల్లలకు దారులు మూసుకుపోయేది ఎక్కువగా ఇలాంటి చోటనే.

ఇక తీర్మానం ఎందుకు ఆగాలో విను. పదో తరగతి దాటగానే మన పద్ధతి పిల్లల్ని గ్రూపుల కింద విడదీస్తుంది. బైపీసీ తీసుకున్న పిల్లవాడికి ఎన్‌డీఏలో ఆర్మీ మిగులుతుంది గానీ వైమానిక, నౌకాదళాల తలుపు మూసుకుంటుంది. ఉత్త ఎంపీసీ చదివినవాళ్లకు నీట్ ఉండదు. ఇంత బరువైన ఎంపికను మన ఇళ్లలో పక్కింటివాళ్ల పిల్లవాడు తీసుకున్న గ్రూపును బట్టి చేస్తారు. ఈ జబ్బు మనకొక్కరికే లేదు. ఓఈసీడీ 2020లో వెలువరించిన నివేదిక పలు దేశాల పదిహేనేళ్ల పిల్లల కలల్ని పరిశీలించింది. ముప్ఫయ్యేళ్లకు ఏమవుతారని అడిగితే అబ్బాయిల్లో 47 శాతం, అమ్మాయిల్లో 53 శాతం కేవలం పదేపది ఉద్యోగాల పేర్లు చెప్పారు. చూసినవి తక్కువైతే కోరికలూ తక్కువే ఉంటాయి. మామిడి టెంకనుంచి మొలిచిన నాటు మొక్క ముందు వేరు పట్టాలి, కాండం చేవ తేలాలి. దాని మీద బంగినపల్లి అంటు కట్టాలా, తోతాపురి కట్టాలా అన్నది ఆ తరువాతి మాట. మన జిల్లా రైతు తోటలో చూపే ఓపిక కొడుకు చదువు దగ్గరా చూపితే చాలు. తొందరపడితే ఏం పోతుందో తెలియాలంటే, 2015లో మొదలై ఇప్పుడు ఏర్పేడు దగ్గర ఉన్న సైన్సు విద్యాసంస్థ ఐసర్‌నే చూడు. ఐసర్ల ప్రవేశ పరీక్షలో జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం, భౌతికశాస్త్రం నాలుగింటికీ సమాన ప్రశ్నలుంటాయి. లెక్కలు నాకెందుకని తొమ్మిదిలోనే వదిలేసిన పిల్లకు, మన గుమ్మంలోనే ఉన్న ఆ సంస్థ దూరమైపోతుంది.

నిన్ను ఆపే మొదటి ఆక్షేపణ, భాగహారం రాని పిల్లలకు కెరీర్ గైడెన్స్ ఏమిటని. తీసిపారేయదగ్గ మాట కాదు. 14 నుంచి 18 ఏళ్ల పల్లె పిల్లల మీద 2023లో జరిగిన అసర్ సర్వేలో సగానికి పైగా పిల్లలు మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించలేకపోయారు. నాలుగో వంతు పిల్లలు రెండో తరగతి పాఠాన్ని సొంత భాషలోనే ధారగా చదవలేకపోయారు. కానీ ఇది తయారీ వద్దనడానికి కారణం కాదు, తయారీ ఎక్కడ మొదలుకావాలో చూపే గుర్తు. తెలుగులో ఒక పేజీ చదివి సారం చెప్పగలగడం, భిన్నాలు, శాతాలు తడబడకుండా చేయడం, ఇంగ్లీషులో ఒక దరఖాస్తు సొంతంగా రాయడం. ఈ మూడూ డాక్టరుకూ కావాలి, వెల్డరుకూ కావాలి. శాతాలు వడ్డీ లెక్కకూ మందు మోతాదుకూ పనికొస్తాయని తెలిస్తే పిల్లవాడు వాటిని మార్కుల కోసం కాక తనకోసం నేర్చుకుంటాడు. కాబట్టి పునాదినీ గైడెన్సునీ రెండు వేర్వేరు పనులుగా చూడకు.

రెండో ఆక్షేపణ తల్లిదండ్రులది. కార్పొరేటు బడిలో ఆరు నుంచే ఫౌండేషన్ చెబుతుంటే మా పిల్లలు వెనకబడరా అంటారు. ఐఐటీయే గురిగా పెట్టుకున్న కొద్దిమందికి ఆ శిక్షణతో కొంత లాభం ఉండొచ్చు, దాన్ని కాదనను. కానీ అది ఒక్క తలుపు కోసం జరిగే సాధన. అందులో నెగ్గని ఎక్కువమందికి మిగతా తలుపులు ఎక్కడున్నాయో కూడా ఎవరూ చెప్పరు. పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసి, ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏటికి చేరొచ్చు. ఇంటర్ రెండేళ్ల ఫీజు భారం మోయలేని ఇంటికి అది రాచబాట, కానీ మన ఊళ్లలో దాన్ని తక్కువ చదువుగా చూస్తారు. ఆ చిన్నచూపును పోగొట్టడం కూడా నీ పనే.

కోరికలు విశాలం కావాలంటే పనులు కంటికి కనబడాలి. ఈ విషయంలో మన జిల్లాలకు కొరత లేదు. 2022లో జిల్లాల విభజనతో శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. రాకెట్ ప్రయోగమంటే పిల్లలకు శాస్త్రవేత్తలే గుర్తొస్తారు. ఇస్రో ఐటీఐ చదివిన ఫిట్టర్లనూ, డిప్లొమా చేసినవాళ్లనూ, నర్సులనూ, అగ్నిమాపక సిబ్బందినీ, వంటవాళ్లనూ కూడా తీసుకుంటుందని చెప్పు. తిరుపతి-చిత్తూరు దారిలో గాదంకి దగ్గర ఆకాశాన్ని రాడార్‌తో చదివే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. పశువుల మీద మక్కువున్న పిల్లవాడికి, పది పాసైతే చాలు, పశువైద్య విశ్వవిద్యాలయం పాలిటెక్నిక్‌లు రెండేళ్ల డిప్లొమా ఇస్తాయి. బొమ్మలు గీసే పిల్లకు తిరుపతిలో దేవస్థానంవారి శిల్ప విద్యాసంస్థ ఉంది. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ల్యాబు పనీ, యంత్రాల మరమ్మతూ, ఎగుమతి లెక్కలూ అన్నీ ఒకే ఆవరణలో కనిపిస్తాయి. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తులవారి దగ్గర నేర్చుకోమంటోంది. ఆ పది రోజులను విహారయాత్ర చేయకు. ఆ పనివాళ్లను అడగాల్సిన ప్రశ్నలు పిల్లలచేతే ముందుగా రాయించు: ఏం చదివారు, ఎంత ఖర్చయింది, జీతమెంత, పనిలో కష్టమేమిటి?

ఆడపిల్లల మాట విడిగా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. పదో తరగతి తరువాత ఏమిటన్న ప్రశ్నకు ఇంట్లో జవాబు లేకపోతే సంబంధమే జవాబవుతుంది. ఫలానా కాలేజీ, ఇంత ఖర్చు, ఇంత స్కాలర్‌షిప్, హాస్టలు ఫలానా చోట, ఇన్నేళ్లకు ఉద్యోగం అని ముందే లెక్క చూపించగలిగితే తండ్రితో మాట్లాడటానికి ఆ పిల్లకు ఆధారం దొరుకుతుంది. ఉపన్యాసాలు ఆపలేని పెళ్లిని ఒక్కోసారి అలాంటి కాగితం ఆపుతుంది. అందుకే తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల కన్నా ముందు ఈ లెక్కే మాట్లాడు.

చివరి ఆక్షేపణ, ఈ పిల్లలు పెద్దయ్యేసరికి ఉద్యోగాలే మారిపోతాయి కదా, ఇప్పుడు చెప్పి ఏం లాభమని. మారతాయి గనుకనే ఒక్క ఉద్యోగానికి కట్టెయ్యొద్దంటున్నాను. ఏ పని వచ్చినా చదివి అర్థం చేసుకోవడం, లెక్క వేయడం, తెలియనిది ఎవరిని అడగాలో తెలుసుకోవడం తప్పవు. పదిహేను రోజులకొక పీరియడ్ దీనికి కేటాయించమని మీ హెడ్మాస్టరును అడుగు. పరీక్షల తేదీలు గోడమీద రాయించు. పదో తరగతి పూర్తయ్యేనాటికి ప్రతి పిల్లా తాను వెళ్లదగ్గ రెండు దారులు చెప్పి, మొదటిదాన్ని ఎందుకు కోరుకుందో, అది కాకపోతే రెండోదానికి ఎలా మారుతుందో వివరించగలిగితే నీ పని నెరవేరినట్టే. ఎంతమందికి ర్యాంకులొచ్చాయని అడిగేవాళ్లు ఎలాగూ ఉంటారు. నువ్వు మాత్రం ఏ దారీ తెలియకుండా బడి దాటినవాళ్లు ఎంతమందో ఏటా లెక్కపెట్టు, ఆ లెక్కను తగ్గించు.

ఇట్లు,
నీ మేలు కోరే
పెదనాయన