ఫిక్స్‌డ్ గేర్ సైకిల్‌పై అనంతగిరికి

ప్రశ్న: నా ఫిక్స్‌డ్ గేర్ సైకిల్‌కు ముందు 44, వెనక 16 పళ్లు. హైదరాబాద్ నుంచి అనంతగిరి కొండలకు వెళ్లి ఒక రాత్రి క్యాంపింగ్ చేయొచ్చా?

జవాబు: తప్పకుండా వెళ్లండి. టూర్ డి ఫ్రాన్స్‌ సైకిల్ పోటీలో గేర్లు మార్చే డిరైలర్‌ను 1937లో గానీ అనుమతించలేదు. అంతకుముందు ఆల్ప్స్‌నూ అది లేకుండానే ఎక్కారు. అయితే బరువుతో ఎక్కాలి కాబట్టి వెనక 18 పళ్లది వేయించండి. చైన్‌ పొడవు పెంచాల్సి రావచ్చు. అసలు పరీక్ష దిగుడులోనే. పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి, కాళ్లకు విరామం ఉండదు. ముందు బ్రేకు లేకపోతే మాత్రం బయల్దేరకండి. సామాను ఆరేడు కిలోలు దాటనివ్వకుండా సీటు వెనక, హ్యాండిల్‌కు కట్టండి. వేలాడే పట్టీ చైన్‌లో చిక్కితే ప్రమాదం. వానల్లేని రోజుల్లో టార్పాలిన్, దోమతెర చాలు. అడవిలో బస చేయాలంటే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి.