నీరసమని చెప్పి మాత్రలు కొనే ముందు

పావగడలో ఏ మెడికల్ షాపుకైనా వెళ్లి "నీరసంగా ఉందన్నా" అనండి. చాలాసార్లు రెండో ప్రశ్న ఉండదు. బీ-కాంప్లెక్స్ స్ట్రిప్పు ఒకటి, డీ3 సాచెట్లు నాలుగు కౌంటర్ మీదికి వస్తాయి. తప్పంతా షాపాయనది కాదు. మనం పట్టుకెళ్లిన మాట అలాంటిది. నైట్ షిఫ్టుల వల్ల నిద్ర లేకపోయినా నీరసమే, రక్తం తక్కువైనా నీరసమే, థైరాయిడ్ తేడా చేసినా నీరసమే, ఏ పనిమీదా మనసు పోక పొద్దున లేవాలంటేనే బరువుగా ఉన్నా నీరసమే. నాలుగు రకాల ఫాల్టులకి ఒకే కంప్లైంట్ రాస్తే సోలార్ ప్లాంట్‌లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఫ్యూజు మార్చి క్లోజ్ చేసేస్తారు.

విటమిన్‌కీ మనసుకీ సంబంధం లేదని చెప్పడం లేదు. బీ12 తగ్గితే మతిమరుపు, చిరాకు, దిగులు, అరికాళ్లలో తిమ్మిరి వస్తాయి. చూసేవాళ్లు టెన్షన్ అనుకుంటారు. మన తిండిలో ఇది తగ్గడానికి వీలెక్కువ. రాగి సంకటిలో కాల్షియం ఉంది, శెనక్కాయల్లో ప్రోటీన్ ఉంది, ఆకుకూరలో ఫోలేట్ ఉంది. బీ12 మాత్రం వీటిలో దేంట్లోనూ లేదు. అది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే దొరుకుతుంది. మేం మాంసం తింటామండీ అంటారు. శనిమహాత్ముడి గుడి ఉన్న ఊరు మనది. శనివారం తీసేయండి, సోమవారం తీసేయండి, ఇంకో వారం ఇంట్లో పెద్దావిడ తీసేస్తుంది. మిగిలిన రోజుల్లో ఎన్నిసార్లు వండారో లెక్కేసుకోండి. దీనికితోడు షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకీ, గ్యాస్ అని పాంటాప్రజోల్ లాంటి మాత్ర ఏళ్ల తరబడి మింగేవాళ్లకీ తిన్న బీ12 కూడా సరిగా ఒంటికి పట్టదు.

విటమిన్ డి సంగతి ఇంకా విచిత్రం. తిరుమణి, వళ్లూరు, రాయచెర్లు చుట్టుపక్కల దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు నడుస్తున్న తాలూకాలో ఎండ విటమిన్‌కి కరువేంటని నవ్వొస్తుంది. షిఫ్టు చూడండి. ఈ విటమిన్ చర్మంలో తయారయ్యేది ముఖ్యంగా పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా కాసే ఎండకి. ఆ టైములో కంట్రోల్ రూమువాళ్లు స్క్రీన్ల ముందుంటారు. రాత్రి గస్తీ కాసిన గార్డు తలుపేసుకుని నిద్రపోతుంటాడు. బయట గడ్డి కోసేవాళ్లు తలకి తువ్వాల, నిండు చేతుల చొక్కా లేకుండా నిలబడలేరు. ఎండంతా ప్యానెళ్లకే.

కాబట్టి లోటు ఉండొచ్చు. ఉందో లేదో రక్తం చెప్పాలి, మన అంచనా కాదు. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. ముందు నెల రోజులు మాత్రలు మింగి, తగ్గలేదని అప్పుడు టెస్టుకి వెళ్తారు. రిపోర్టులో బీ12 నిండుగా కనబడుతుంది. అసలు లోటు ఉండిందా లేదా అన్నది ఇక ఎవరికీ తెలియదు. టెస్టు ముందు, మాత్ర తర్వాత. సాధారణంగా బీ12 రిపోర్టులో 200 లోపు ఉంటే లోటు కిందే లెక్క. 200, 300 మధ్య ఉంటే లక్షణాలు చూసి డాక్టరు తేల్చాలి. డి 20 లోపు ఉంటే తక్కువే. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ కూడా అదే రక్తంతో చూపించుకోండి. పెద్ద ప్యాకేజీ అక్కర్లేదు.

నాతో పనిచేసిన ఒక టెక్నీషియన్ సంగతి చెబుతా. పనిమంతుడు, ప్రమోషన్ లైన్లో ఉన్నవాడు. డి తక్కువుందని 60,000 యూనిట్ల సాచెట్ రాశారు. వారానికి ఒకటి, ఎనిమిది వారాలు. ఇతను రోజూ పాలల్లో ఒకటి కలుపుకుని తాగాడు. మాత్రంటే రోజూ వేసుకునేదే కదా అని అతని లెక్క. పెద్దవాళ్లు డాక్టరు చెప్పకుండా రోజుకి 4,000 యూనిట్లు దాటొద్దంటారు. అంటే ఇతను ఒక్కరోజులో పదిహేను రోజుల కోటా తాగుతున్నాడు. ఈ విటమిన్ ఎక్కువైతే మూత్రంలో కొట్టుకుపోదు, కొవ్వులో నిలవుంటుంది. రెండు నెలలకి ఎడతెగని దాహం, వాంతులు, మలబద్ధకం, తల మొద్దుబారడం మొదలయ్యాయి. చెప్పింది బుర్రకెక్కట్లేదని, పని ఒత్తిడని మేమంతా అనుకున్నాం. రక్తంలో కాల్షియం చూస్తే బయటపడింది. ఇంకొన్నాళ్లు సాగితే కిడ్నీ పోయేది. లోటు తీర్చడానికి మొదలుపెట్టిన మందే మెదడుని మసకబార్చింది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. తిమ్మిరని బీ6 డోసు ఎక్కువున్న మాత్రలు నెలల తరబడి వాడితే, ఆ బీ6 వల్లే కాళ్ల నరాలు తిమ్మిరెక్కుతాయి. బీ12 తక్కువున్నవాళ్లు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే రక్తం రిపోర్టు బాగుపడుతుంది, నరాలు లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి. జుట్టు కోసం వేసుకునే బయోటిన్ కొన్ని ల్యాబు పద్ధతుల్లో థైరాయిడ్ రిపోర్టుని తప్పుదోవ పట్టిస్తుంది. రక్తం ఇచ్చేముందు ఎన్నిరోజులు ఆపాలో ల్యాబువాళ్లని అడగండి. ఐరన్ మాత్ర టీతో వేసుకుంటే సగం వృథా.

ఇక ఆఫీసులో, లేబర్ షెడ్డులో సప్లిమెంట్ డబ్బాలు అమ్మే మిత్రుడు. "మైండ్ షార్ప్ అవుతుంది, స్ట్రెస్ పోతుంది" అంటాడు. మనకి కిందటి నెల చేబదులు ఇచ్చి ఉంటాడు, కాదనలేం. డబ్బా తిప్పి వెనక చదవండి. హెల్త్ సప్లిమెంట్‌గా అమ్మేవాటి మీద "వైద్యానికి వాడరాదు" అనే అర్థం వచ్చే మాట అచ్చేసి తీరాలని మన ఆహార నిబంధనలే చెబుతున్నాయి. మిత్రుడు చెప్పేదొకటి, డబ్బా చెప్పేదొకటి. డబ్బా మాటే నమ్మండి.

లోటు ఉందో లేదో చూడకుండా మనసు బాగుండాలని మింగితే ఏమవుతుందో కూడా పరీక్షించి చూశారు. అమెరికాలో 50 దాటిన 18,353 మందిలో సగం మందికి రోజూ 2,000 యూనిట్ల డీ3, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర ఐదేళ్లకు పైగా ఇచ్చారు. 2020లో ఫలితం వచ్చింది. డిప్రెషన్ రావడంలో రెండు గుంపులకీ తేడా లేదు.

అందుకని రిపోర్టు నార్మల్ వచ్చి, రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి చెడి, ఇష్టమైనవి కూడా చేదవుతుంటే మాత్ర కంపెనీ మార్చకండి, డాక్టరుని మార్చండి. టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడమని అడగొచ్చు. చావు ఆలోచన వస్తుంటే రిపోర్టు కోసం కూడా ఆగొద్దు, ఆ రాత్రే చేయండి, ఇంట్లో ఒకరిని పక్కన ఉండమనండి. తాలూకా ఆసుపత్రుల్లో మంగళవారం నడిచే మనోచైతన్య క్లినిక్ ఉంది. మానసిక వైద్యులు ఏ మంగళవారం వస్తారో ముందు ఫోన్ చేసి కనుక్కుని లీవు పెట్టండి. ఆంధ్ర వైపు హిందూపురమో అనంతపురమో దగ్గరని అటు వెళ్లేవాళ్లు చాలామంది. భాష కలుస్తుంది, అది మంచిదే. కర్ణాటక రేషన్ కార్డుకి ఆంధ్ర ఆరోగ్య పథకం వర్తించదని మాత్రం ముందే తెలుసుకుని వెళ్లండి. డాక్టరు దగ్గర మాత్రం "నీరసం" అనే మాట ఒక్కటీ వదిలేయండి. "మూడింటికే మెలకువొస్తుంది, మళ్లీ నిద్ర పట్టదు. పిల్లల మాటలు కూడా విసుగొస్తున్నాయి" అని చెప్పండి.

జీతంలో ఈఎస్ఐ కోత పడుతుంటే వాడుకోండి. ఆరు నెలల కాంట్రిబ్యూషన్ పీరియడ్‌లో 78 రోజులు కట్టి ఉంటే, సిక్‌నెస్ సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం జీతం వస్తుంది. కంట్రాక్టరు మారినా మీ ఇన్సూరెన్స్ నంబరు అదే. కొత్త కంట్రాక్టరు కొత్త నంబరు తీస్తుంటే పాతది చూపించండి, లేకపోతే కట్టిన రోజులు చెదిరిపోతాయి.

పైవాళ్లకి ఎంత చెప్పాలి? నోటీస్ బోర్డు మీద "మాతో మనసు విప్పండి" అని ఉంటుంది. విప్పిన మాట కంట్రాక్టు రెన్యువల్ టైముకి ఎవరో ఒకరికి గుర్తొస్తుంది. జబ్బు పేరు అక్కర్లేదు. కానీ కరెంటు పని, ఎత్తు పని, డ్రైవింగ్ చేసేవాళ్లు ఒక్కటి దాచొద్దు. కొన్ని మందులు మొదట్లో మగత తెస్తాయి. మీ పనేంటో డాక్టరుకి చెప్పండి. సూపర్‌వైజరుతో "మగత వచ్చే మందు వాడుతున్నా, డాక్టరు సరే అనేదాకా యార్డు డ్యూటీ వద్దు" అంటే చాలు. డిప్రెషన్ మందు పనిచేయడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారానికే తేడా లేదని ఆపేసి, మళ్లీ షాపాయన దగ్గర సాచెట్లు అడగొద్దు.

వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న ప్రతి స్ట్రిప్పు, సాచెట్, డబ్బా ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. మిత్రుడు అమ్మింది కూడా.