అంకుర సంస్థల వ్యవస్థాపకులు ఏమి వ్రాయవచ్చు?

పూర్వం కొత్తగా వ్యాపారం ప్రారంభించినవారు అంగడి ముందు బోర్డు కట్టి, ఊరిలో పలుకుబడి గల పెద్దమనిషి చేత నలుగురికి చెప్పించుకొనేవారు. ఆ మాట ఊరి పొలిమేర దాటడానికి సంవత్సరాలు పట్టేది. నేడు ఆ పెద్దమనిషి స్థానంలోకి వృత్తిపరమైన సామాజిక మాధ్యమం వచ్చింది. 2003లో అమెరికాలో ప్రారంభమైన లింక్డ్‌ఇన్ ఇటువంటి వేదికలలో ప్రధానమైనది. మన దేశంలో దాని సభ్యుల సంఖ్య 2023 నాటికే 10 కోట్లకు చేరింది. మరొకవైపు, 2016 జనవరి 16న స్టార్టప్ ఇండియా కార్యక్రమం ప్రారంభమైన తరువాత కేంద్ర ప్రభుత్వ గుర్తింపు పొందిన అంకుర సంస్థల సంఖ్య 2025 జనవరి నాటికి లక్షన్నర దాటింది.

చిన్న అంకుర సంస్థకు పత్రికలలో, టెలివిజన్‌లో ప్రకటనలకు డబ్బు వెచ్చించే స్తోమత ఉండదు. దానికి ఉన్న సాధనం వ్యవస్థాపకుల మాట ఒక్కటే. ఆ మాటను నమ్మి ఒకరు సరుకు కొంటారు, ఒకరు ఉద్యోగంలో చేరుతారు, మరొకరు పెట్టుబడి పెడతారు. కనుక ఏది వ్రాయవచ్చు, ఏది వ్రాయరాదు అనే విషయం నిశితంగా పరిశీలించదగినది.

సమస్యతో ప్రారంభించాలి

గుంటూరులో ఒక యువ బృందం ఎండు మిరపకాయలలోని తేమను కొలిచే పరికరం తయారు చేసిందని ఊహించుకుందాం. "మిర్చి రంగంలో విప్లవం తెచ్చాం" అని ఆ బృందం వ్రాస్తే చదివినవారికి తెలిసేది ఏమీ లేదు. అలా కాక, రైతు కాయను చేత పట్టి చూసి తేమను ఎలా అంచనా వేస్తాడో, ఆ అంచనా తప్పితే బస్తాలో బూజు ఎలా పుడుతుందో, బూజు వల్ల ఏర్పడే అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం ఎగుమతికి ఎలా అడ్డంకి అవుతుందో వివరిస్తే అది ఉపయోగపడే విషయం అవుతుంది. పరికరాన్ని ఎన్ని బస్తాల మీద పరీక్షించారు, ఎక్కడ సరిగా చూపింది, ఎక్కడ తప్పు చూపింది అన్న వివరాలు కూడా చేరితే, చదివినవారు ఆ బృందాన్ని పని తెలిసినవారుగా గుర్తిస్తారు.

ఇటువంటి రచనకు ప్రాంతీయ ఎల్లలు లేవు. గుంటూరు మిర్చికి వచ్చే చిక్కే కర్ణాటకలోని బ్యాడగి వ్యాపారికి, మధ్యప్రదేశ్‌లోని ఖర్గోన్ రైతుకు కూడా వస్తుంది. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఈ ముగ్గురినీ ఒకే సమస్య కలుపుతుంది.

అయితే వారి భాషలు వేరు. లింక్డ్‌ఇన్ తెర మీది భాషలలో హిందీ 2021 డిసెంబరులోను, తెలుగు 2024లోను చేరాయి. వ్యవస్థాపకులు ఇంగ్లీషుతో పాటు తెలుగులోను, హిందీలోను వ్రాయడం మేలు. కాని ఒక వాక్యాన్ని మాటకు మాటగా మార్చి పెట్టినంత మాత్రాన ప్రయోజనం నెరవేరదు. గుంటూరు యార్డులో వాడే మాట ఖర్గోన్ మండీలో చెల్లదు. ఏ ప్రాంతపు పాఠకునికి ఆ ప్రాంతపు కొలత, ధర, వాడుక మాట చెప్పాలి. మరొక చిన్న విషయం. ఈ వేదిక మీద ఒక పోస్టుకు 3,000 అక్షరాల పరిమితి ఉంది. తెలుగులో గుణింతపు గుర్తులను, ఒత్తులను కూడా యంత్రం విడివిడిగా లెక్కిస్తుంది గనుక క్లుప్తత అలవరచుకోవలసి ఉంటుంది. మొదట తెరపై కనబడేవి కొద్ది పంక్తులే గనుక అసలు సంగతి వాటిలోనే చెప్పాలి.

పొరపాటును దాచరాదు

విజయాలను ప్రకటించడానికి అందరూ ముందుకు వస్తారు. పొరపాటు జరిగినప్పుడు ఏమి వ్రాస్తారన్నదే అసలైన పరీక్ష. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన డేటాబేస్‌ను తొలగించాడు. ప్రతులు భద్రపరిచే ఏర్పాట్లు కొన్ని పని చేయడం లేదని అప్పుడే బయటపడింది. సుమారు 6 గంటల వ్యవధిలో చేరిన సమాచారం తిరిగి రాలేదు. సంస్థ దీనిని దాచలేదు. పునరుద్ధరణ పనిని అందరూ చూసేలా ప్రత్యక్షంగా ప్రసారం చేసింది. కారణాలను విశ్లేషిస్తూ సవివరమైన నివేదిక ప్రచురించింది. ఆ ఇంజనీరు పేరు మాత్రం అందులో వ్రాయలేదు. తప్పును వ్యక్తి మీద గాక ఏర్పాట్ల మీద మోపడం గమనించదగినది. ఆ సంస్థ 2021 అక్టోబరులో అమెరికా స్టాక్ మార్కెట్‌లో నమోదయింది.

ఉద్యోగులను తొలగించవలసి రావడం మరొక కఠిన సందర్భం. కోవిడ్ కాలంలో, 2020 మే 5న, ఎయిర్‌బీఎన్‌బీ వ్యవస్థాపకులలో ఒకరైన బ్రయాన్ చెస్కీ తన 7,500 మంది సిబ్బందిలో దాదాపు 1,900 మందిని తొలగిస్తున్నట్లు లేఖ వ్రాసి బహిరంగంగా ప్రచురించారు. ఏ కారణం చేత, ఏ ప్రాతిపదిక మీద తొలగిస్తున్నారో, వెళ్ళేవారికి ఎంత వేతనం, ఎంతకాలం ఆరోగ్య బీమా లభిస్తుందో అందులో చెప్పారు. వారికి వేరే ఉద్యోగాలు వెదకిపెట్టే ఏర్పాటును కూడా ప్రకటించారు. ఇటువంటి సందర్భంలో తన బాధను వర్ణించుకోవడం కన్న, వెళ్ళేవారికి పనికివచ్చే నాలుగు మాటలు వ్రాయడం ఉత్తమం.

చట్టం గీసిన గీతలు

మంచి ఉద్దేశం ఉన్నా కొన్ని సంగతులు వ్రాయడానికి వీలులేదు.

మొదటిది పెట్టుబడి. ఎంపిక చేసిన కొద్దిమందికి వాటాలు జారీ చేసే ప్రైవేటు కంపెనీ ఆ సంగతిని ప్రజలకు ప్రకటించరాదని 2013 కంపెనీల చట్టం 42వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. ఒక ఆర్థిక సంవత్సరంలో ఇలా వాటాలు ఇవ్వజూపగల వ్యక్తుల సంఖ్య 200కు పరిమితం. అర్హత గల ఆర్థిక సంస్థలు, వాటాల పథకం కింద ఉద్యోగులు ఈ లెక్కలోకి రారు. కనుక "మా సంస్థలో వాటాలు కొనండి" అని వేదిక మీద పిలుపు ఇవ్వడం తగదు. పెట్టుబడి చేతికి అందిన తరువాత, పెట్టినవారి సమ్మతితో, ఆ వార్తను ప్రకటించవచ్చు.

రెండవది నూతన ఆవిష్కరణ. పేటెంట్‌కు దరఖాస్తు చేయకముందే పరికరం పనిచేసే పద్ధతిని బయటపెడితే, కొత్తదనం పోయిందన్న కారణంతో హక్కు దక్కకపోవచ్చు. 1970 పేటెంట్ల చట్టం ప్రకారం ముందుగా తాత్కాలిక వివరణ పత్రం దాఖలు చేసి, 12 నెలలలోగా పూర్తి వివరణ సమర్పించే వీలు ఉంది. దాఖలు చేసేంతవరకు సమస్యను గురించి వ్రాయవచ్చు, పరిష్కారపు రహస్యాన్ని గురించి కాదు.

మూడవది అతిశయోక్తి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 10 లక్షల రూపాయల వరకు, తప్పు మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. ఇంటర్‌నెట్‌లో వెలువడే ప్రకటన కూడా ఈ చట్టం పరిధిలోకి వస్తుంది.

నాలుగవది ఇతరుల సమాచారం. కొనుగోలుదారు ఫోను నంబరు, ఉద్యోగి అనారోగ్యం, ఉద్యోగానికి వచ్చి ఎంపిక కానివారి ముచ్చట, ఇవి వ్యవస్థాపకుల సొత్తు కావు. వ్యక్తిగత సమాచారం విషయంలో ఆ వ్యక్తి సమ్మతికి గల విలువను 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం స్పష్టం చేసింది.

ఒక్క పోస్టు ఖరీదు

2018 ఆగస్టు 7న టెస్లా అధినేత ఎలాన్ మస్క్, తమ కంపెనీ వాటాలను ఒక్కొక్కటి 420 డాలర్ల చొప్పున కొని, దానిని మార్కెట్ నుండి ఉపసంహరించే ఆలోచన ఉందని, అందుకు నిధులు సమకూరాయని ట్విట్టర్‌లో వ్రాశారు. ఆ మాట తప్పుదోవ పట్టించేదని అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ దావా వేసింది. రాజీలో భాగంగా మస్క్, టెస్లా చెరి 2 కోట్ల డాలర్లు చెల్లించారు. ఆయన బోర్డు అధ్యక్ష పదవిని వదులుకున్నారు. మదుపుదారులు వేసిన మరొక దావాలో 2023 ఫిబ్రవరిలో జ్యూరీ ఆయన బాధ్యుడు కాదని తేల్చింది. అయినా చెల్లించిన సొమ్ము, పోయిన పదవి తిరిగి రాలేదు. అంతటి సంస్థ తట్టుకోగలిగింది. పది మందితో నడిచే చిన్న సంస్థకు అటువంటి దెబ్బ తగిలితే కోలుకోవడం కష్టం.

కనుక పోస్టు ప్రచురించే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. ఇందులోని ప్రతి అంకెకు ఆధారం చూపగలనా? ఇందులో పేరున్న ప్రతి ఒక్కరూ సమ్మతించారా? నా వద్ద ఏమీ కొననివారికి కూడా ఇది చదివితే ఏదైనా తెలుస్తుందా? మూడింటికీ అవునని సమాధానం వస్తే నిస్సంకోచంగా వ్రాయవచ్చు.

నేడు కృత్రిమ మేధ సాయంతో క్షణాలలో పోస్టు తయారు చేసుకోవచ్చు. వాక్యాలు చక్కగానే ఉంటాయి. కాని మిర్చి యార్డులో తెల్లవారుజామున బస్తా విప్పి, పరికరం తప్పు చూపిందని తెలుసుకున్నది మాత్రం ఆ గుంటూరు బృందమే. ఖర్గోన్ రైతు తెలుసుకోదలచినది ఆ సంగతినే. దానిని ఉన్నది ఉన్నట్లు వ్రాయగలిగితే, ముఖపరిచయం లేని ఆ రైతు కూడా పరికరం ధర ఎంతని అడుగుతాడు.